చెక్కపలకకు చెవి: స్టీల్ గిటారు పికప్ గురించి

సొంతంగా స్టీల్ గిటారు చేసుకుంటున్నానని ఎవరితోనైనా అన్నామా, ఎదురయ్యే మొదటి ప్రశ్న "పికప్ ఏది వేస్తున్నారు?" అన్నదే. ఏ చెక్క అని గాని, తీగ పొడవెంత అని గాని, ఏ శ్రుతి అని గాని అడిగేవారు అరుదు. ఆ ప్రశ్న వెనకాలే నాలుగు కంపెనీల పేర్లూ, వాటి పక్కన కిలో ఓముల అంకెలూ వరుసగా వచ్చి పడతాయి. అంకె పెద్దదైతే ధ్వని పెద్దదనీ, పేరు పాతదైతే ధ్వని మధురమనీ ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఆ నమ్మకంతో నాకు పేచీ ఉంది. మీటిన క్షణాన వినబడే దెబ్బను బట్టి కాక, ఆ స్వరం చివరికంటా ఎలా నిలిచి ఎలా అణగుతుందో దాన్ని బట్టి పికప్‌ను ఎంచుకోవాలని నా అభిప్రాయం. ఆ వాద్యం మీద మన సంగీతం వాయించదలచిన వారికి ఇది మరీ ముఖ్యమని ఈ టపాలో చెప్పదలచుకున్నాను.

ఈ వాద్యంతో పరిచయం లేని చదువరుల కోసం రెండు మాటలు. స్టీల్ గిటారును ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి వాయిస్తారు. ఎడమచేతి వేళ్ళతో తీగను మెట్టుకు అదమడం ఇందులో లేదు. నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద ఆనించి జరుపుతూ కుడిచేత్తో మీటుతారు. మెట్లు ఉండవలసిన చోట గీతలు మాత్రం ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దం చివర హవాయి దీవుల్లో ఈ పద్ధతిని రూపొందించిన ఘనతను సాధారణంగా జోసెఫ్ కెకుకుకు ఇస్తారు. 1940లలో హవాయి కళాకారుడు టావ్ మో కుటుంబంతో సహా కలకత్తాలో ఉండి వాయించాడు. తరువాతి కాలంలో సునీల్ గంగూలీ వంటివారి రికార్డుల ద్వారా సినిమా పాటలు హవాయి గిటారు మీద మన ఇళ్ళలోకి వచ్చాయి. 1967లో వెలువడిన "కాల్ ఆఫ్ ది వ్యాలీ" రికార్డులో బ్రిజ్ భూషణ్ కాబ్రా ఈ వాద్యాన్ని సంతూరు, వేణువుల సరసన నిలబెట్టి రాగం పలికించాడు. గోటువాద్యం ఎరిగినవారికి ఇందులో వింత ఏమీ తోచదు. మెట్లు లేని వీణ మీద నల్లచేవ కట్టెను జరుపుతూ గమకాలు పలికించడం మనకు ఎప్పటినుంచో తెలిసిన విద్యే.

గోటువాద్యానికి కుండ ఉంది. మామూలు గిటారుకు బోలు పెట్టె ఉంది. ఇంట్లో చేసుకునే విద్యుత్ స్టీల్ గిటారుకు ఆ రెండూ లేవు. అది ఒక గట్టి చెక్కపలక, ఒక బ్రిడ్జి, ఆరు బిరడాలు, ఆరు తీగలు. తీగ కదిలితే పక్కగదిలోకి కూడా వినబడదు. ఆ కదలికను పట్టి ఆంప్లిఫయరుకు అందించేది పికప్. అంటే పలకకు అమర్చిన చెవి అన్నమాట. చాలామంది దాన్ని వాద్యానికి నోరుగా భావిస్తారు. అసలు పొరపాటు అక్కడే మొదలవుతుందని నా అనుమానం.

ఆ చెవి ఎలా పనిచేస్తుందో చూద్దాం. అయస్కాంతం ముందు ఉక్కు కదిలితే, ఆ అయస్కాంతం చుట్టూ ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి మూలం. అందువల్ల తీగలో ఉక్కో నికెలో ఉండి తీరాలి. నైలాన్ తీగను ఈ పికప్ అసలు వినలేదు. కంచు చుట్టిన తీగలో లోపలి ఉక్కును మాత్రమే వింటుంది. అది తీగ పొడవునా వినదు. తన నెత్తిన ఉన్న కొద్దిపాటి మేర తీగ ఎంత వేగంగా కదులుతున్నదో అంతవరకే వింటుంది. చెక్క మంచిదైతే తీగ ఎక్కువసేపు కదులుతుంది, చెడ్డదైతే తొందరగా ఆగిపోతుంది. ఆ తేడాను పికప్ నివేదిస్తుందే తప్ప సృష్టించలేదు. బ్రిడ్జి వదులుగా ఉన్న పలకకు ఎంత ఖరీదైన పికప్ బిగించినా, ఆ వదులుతనమే మరింత స్పష్టంగా వినబడుతుంది.

ఇంకో ముచ్చట కూడా చెప్పుకోవాలి. ఈ రకం పికప్ పుట్టిందే స్టీల్ గిటారు కోసం. జార్జ్ బోషాం 1931లో తయారుచేయించిన మొదటి నమూనాకు చెక్కతోనే పని జరిగింది. గుండ్రటి చిన్న ఒళ్ళు, పొడవాటి మెడతో ఉండటం వల్ల దానికి పెనం అని ముద్దుపేరు వచ్చింది. అమ్మకానికి 1932లో అల్యూమినియంతో పోతపోశారు. 1937లో దానికి పేటెంటు దక్కింది. తొలినాటి తీగచుట్టను అతను బట్టలుతికే యంత్రం మోటారుతో చుట్టాడని చెబుతారు. కాబట్టి ఇంట్లో కూర్చుని స్టీల్ గిటారు చేసుకునేవారు ఎవరినో అనుకరిస్తున్నామని సంకోచించనక్కరలేదు. విద్యుత్ గిటారు చరిత్ర మొదలైందే ఇటువంటి పనితో.

ఇక కిలో ఓముల సంగతి. పికప్ తీగచుట్ట నిరోధాన్ని మీటరుతో కొలిచి, 6 అంటే బలహీనం, 15 అంటే బలిష్ఠం అని లెక్కగట్టడం అలవాటైపోయింది. నిరోధం తీగ పొడవు మీదా, సన్నదనం మీదా, వేడి మీదా ఆధారపడుతుంది. అన్నే చుట్లు ఇంకా సన్నని తీగతో చుడితే అంకె పెరుగుతుంది. ధ్వని ఆ నిష్పత్తిలో పెరగదు. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 7 కిలో ఓములు చూపిన చుట్ట, మన రోహిణీ కార్తె ఎండలో 45 డిగ్రీల దగ్గర దాదాపు 7.7 చూపిస్తుంది. ఎండాకాలంలో పికప్ బలపడిందని ఎవరూ అనరు గదా! చుట్లు నిజంగానే పెంచితే ధ్వని పెరిగే మాట వాస్తవమే. దానితోపాటు పై అనుస్వరాలు కూడా తగ్గుతాయి. స్వరం బొద్దుగా, మందంగా తయారవుతుంది. ఆంప్లిఫయరులో ధ్వని పెంచుకోవడానికి ఒక మర ఉంది. పోయిన అనుస్వరాలను తిరిగి తెచ్చే మర ఏదీ లేదు.

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం కలగడానికి మా పిన్ని కారణం. ఆవిడ చాలా ఏళ్ళు వీణ నేర్పింది. కీళ్ళవాతం వల్ల ఎడమచేతి వేళ్ళు తీగను లాగి గమకం పట్టలేని స్థితికి వచ్చాయి. కడ్డీని పిడికిట్లో పట్టుకుని జరపడం మాత్రం ఆవిడకు సాధ్యమే. అందుకని పాత ద్వారబంధంలోని టేకు చెక్కతో, ఇరవైరెండున్నర అంగుళాల తీగ పొడవుతో ఒక పలక చేశాను. తీగలన్నిటినీ షడ్జమ పంచమాలకే శ్రుతి చేశాం. పికప్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకునేందుకు వీలుగా చెక్కలో పొడవాటి గాడి తీశాను. మిత్రుల దగ్గర అరువు తెచ్చిన రెండు పికప్‌లను ఒకదాని తరువాత ఒకటి బిగించి ఆవిడకు వినిపించాను. మొదటిది సిరామిక్ అయస్కాంతాలతో, 15 కిలో ఓములతో ఉన్న బలమైన జోడుచుట్ట. రెండోది ఆల్నికో అయస్కాంతాలతో, 6 కిలో ఓములతో ఉన్న సాదా ఒంటిచుట్ట.

మొదటిదానితో ఆవిడ నాలుగు స్వరాలు వాయించి ఆగిపోయింది. "మీటు బాగానే ఉందిరా. జారు మొదలవుతోంది గాని, దిగవలసిన స్వరం దాకా రావడం లేదు" అంది. పికప్ గురించి గాని, ఓముల గురించి గాని ఆవిడకు ఏమీ తెలియదు. తెలిసినదల్లా ఒక మీటుకు ఎన్ని స్వరాలు పలకాలో ఆ లెక్క.

ఆవిడ మాటను సాంకేతికంగా విడదీస్తే ఇదీ సంగతి. బలమైన పికప్‌ను తీగకు దగ్గరగా పెడితే, మీటిన క్షణంలో తీగ పెద్ద ఊపుతో అయస్కాంతం దాకా వచ్చి పోతుంది. ఆ దెబ్బ అసలుకంటే పెద్దదై వినబడుతుంది. చిన్న ఆంప్లిఫయరు ఆ దెబ్బకే చీరుకుపోతుంది. చీరకుండా ధ్వని తగ్గిస్తాం. తగ్గించగానే స్వరం చివరి భాగం గదిలోని ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. పైగా బలమైన అయస్కాంతం దగ్గరగా ఉంటే తీగను తనవైపు లాగి దాని స్వేచ్ఛను హరిస్తుంది. మన గమకమేమో మీటులో ఉండదు, మీటిన తరువాత ఉంటుంది. ఒక్క మీటుతో మూడు నాలుగు స్వరాలను తాకి రావలసిన జారుకు, ఆ తరువాతి రెండు మూడు క్షణాలే ప్రాణం. రెండో పికప్‌ను తీగలకు 2 మిల్లీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల దూరానికి దించి, ఆంప్లిఫయరు మర కాస్త తిప్పాక, పిన్ని అడిగిన జారు చివరి స్వరం దాకా వచ్చింది.

ఇది ఒక్క స్టీల్ గిటారు సమస్య కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఏం చేశాడో ఒకసారి గుర్తు చేసుకోండి. మాండలిన్ పొట్టి తీగల వాద్యం. మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్యులు దాని మీద ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటుతారు. శ్రీనివాస్ జంట తీగలు వదిలేసి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. విద్యుత్తు అతనికి ఇచ్చిన గొప్ప వరం ధ్వని పరిమాణం కాదని నేననుకుంటాను. ఆరిపోబోయే స్వరాన్ని చెవికి అందేలా నిలిపింది, ఆ నిలిచిన కాలంలో అతను కర్ణాటక గమకాన్ని పలికించాడు. 2014లో ఆయన వెళ్ళిపోయినా ఆ పాఠం మిగిలే ఉంది.

రెండో ముఖ్యమైన సంగతి, పికప్‌ను ఎక్కడ పెట్టాలన్నది. మామూలు గిటారు పుస్తకాలు చదివి, తీగ పొడవులో నాలుగో వంతు దగ్గర పెడితే తియ్యగా ఉంటుందని కొందరు అంటారు. కడ్డీ తీగ మీద జరిగేకొద్దీ మోగే పొడవు మారిపోతుంది గనుక, ఖాళీ తీగకు వేసిన ఆ లెక్క స్టీల్ గిటారుకు పనికిరాదు. ఇరవైరెండున్నర అంగుళాలంటే సుమారు 571 మిల్లీమీటర్లు. బ్రిడ్జికి 50 మిల్లీమీటర్ల దూరాన పికప్ ఉంటే, ఖాళీ తీగ మీద అది పదకొండో వంతు దగ్గర వింటుంది. కడ్డీని పై షడ్జమానికి తెస్తే మోగే పొడవు సగమై, అదే పికప్ ఇంచుమించు ఆరో వంతు దగ్గర ఉంటుంది. ఇంకో స్థాయి పైకి వెళితే దాదాపు మూడో వంతు దగ్గరకు చేరి, మూడో అనుస్వరాన్ని చాలామటుకు కోల్పోతుంది. అందుకే చాలా స్టీల్ గిటార్లలో పై స్థాయి స్వరాలు డొల్లగా వినిపిస్తాయి. బ్రిడ్జికి 30 మిల్లీమీటర్ల దగ్గరకు జరిపితే ఈ మార్పు నెమ్మదిస్తుంది. అక్కడ తీగ ఊపు తక్కువ గనుక అయస్కాంతం లాగుడు బెడదా తగ్గుతుంది. అక్కడి ధ్వని కాస్త పదునుగా ఉంటుందన్నది నిజమే. పదునును టోన్ మరతో తగ్గించుకోవచ్చు.

మూడోది, పికప్ ఆకారం. సాధారణ గిటారు మెట్లపలక కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపును అనుసరించి కొన్ని పికప్‌లలో అయస్కాంతపు ముక్కలను ఎత్తుపల్లాలుగా అమరుస్తారు. స్టీల్ గిటారులో తీగలన్నీ ఒకే చదును మీద ఉండాలి, ఎందుకంటే వాటి మీద ఆనేది తిన్నని కడ్డీ. ఎత్తుపల్లాల పికప్ వేస్తే ఒక తీగ అరుస్తుంది, పక్కది గొణుగుతుంది. అయస్కాంతపు ముక్కలన్నీ ఒకే ఎత్తులో ఉన్నది గాని, ముక్కలకు బదులు పొడవాటి ఉక్కు పట్టీ ఉన్నది గాని తీసుకోవడం మేలు. పట్టీ ఉన్నదైతే తీగల మధ్య ఎడం ఎంతైనా ఇబ్బంది లేదు. ఎనిమిది తీగల పలక చేసేవారికి అది దాదాపు తప్పనిసరి. తొలినాటి గుర్రపునాడా పికప్‌ను, అంటే తీగలకు పైనా కిందా అయస్కాంతం ఉండేదాన్ని, కొందరు ఇప్పటికీ ఆరాధిస్తారు. దాని నాదం గొప్పదే. కుడి అరచేతి అంచును తీగల మీద ఆనించి స్వరాన్ని ఆపేవారికి ఆ నాడాలు అడ్డుపడతాయి. చెయ్యి ఎక్కడ ఆనుతుందో చూసుకోకుండా పికప్ ఎంచుకోకూడదు.

ఒంటిచుట్టా, జోడుచుట్టా అన్న వివాదంలో నా మొగ్గు ఒంటిచుట్ట వైపే. అది తీగలో తక్కువ మేరను వింటుంది గనుక జారులోని సూక్ష్మాలు చెదరవు. దానికి ఉన్న జబ్బు రొద. మన ఇళ్ళలో 50 హెర్ట్‌జ్ విద్యుత్తు ప్రవహించే ప్రతి తీగా, పాత ట్యూబులైటు చోకూ, ఫ్యాను రెగ్యులేటరూ, ఇన్వర్టరూ దాని చెవిలో జోరీగల్లా మోగుతాయి. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో జోడుచుట్ట పికప్‌ను రూపొందించింది ఈ రొదను చంపడానికే. రెండు చుట్టలు రొదను ఒకదానినొకటి రద్దు చేసుకునేలా, తీగ ధ్వనిని మాత్రం కలుపుకునేలా అమర్చాడు. స్వరం చివరి భాగం ముఖ్యమని ఇంతసేపూ వాదించిన నేను, ఆ చివరి భాగాన్ని రొద మింగేస్తుంటే ఒంటిచుట్టనే పట్టుకు వేలాడమని చెప్పలేను. ముందు బ్రిడ్జిని లోపలి తీగలతో ఎర్త్‌కు కలపండి. పికప్ గూటికి రాగి రేకు అతికించండి. రెగ్యులేటరుకు దూరంగా కూర్చుని చూడండి. అప్పటికీ రొద తగ్గకపోతే, సన్నని రెండు పట్టీలతో ఒంటిచుట్ట పరిమాణంలోనే ఇమిడే జోడుచుట్ట తీసుకోండి. తక్కువ చుట్లు ఉన్నది చూసుకోవాలి.

ఇక్కడొక హెచ్చరిక తప్పనిసరి. బ్రిడ్జిని ఎర్త్‌కు కలపడమంటే, వాయించేవారి చేతిలోని ఉక్కు కడ్డీ కూడా ఆంప్లిఫయరు చట్రంతో కలిసినట్టే. పాత ఇళ్ళలో మూడో కన్నం ఉన్నా దాని వెనక ఎర్త్ తీగ లేని సాకెట్లు ఎన్నో. ఆంప్లిఫయరులో లోపం ఉంటే ఆ దెబ్బ నేరుగా చేతికి తగులుతుంది. ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ పరీక్ష చేయించి, లీకేజీని పట్టి కరెంటు ఆపే బ్రేకరు పెట్టించాకే తీగలు ముట్టుకోవాలి. పికప్ మీద పెట్టే డబ్బులో కొంత దీనికి మళ్ళించడం వివేకం.

నా వాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. "పికప్ కూడా సొంతంగా చుట్టుకుంటేనే అది ఇంటి వాద్యం" అనేది మొదటిది. ఈ మాట మీద నాకు గౌరవం ఉంది. పికప్‌కు వాడే తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, ఇంచుమించు వెంట్రుక. 8000 చుట్లు చుట్టాలంటే కిలోమీటరు పైచిలుకు తీగ కావాలి. మన ఊళ్ళలో మోటారు వైండింగు షాపుల వారికి చుట్టడంలో చెయ్యి తిరిగి ఉంటుంది గాని, ఫ్యాన్లకూ పంపుసెట్లకూ వారు వాడేది దీనికంటే ఎంతో లావు తీగ. ఓపిక ఉన్నవారు చుట్టుకోండి, అందులో ఆనందం ఉంది. లేనివారు కొనుక్కున్నంత మాత్రాన వాద్యం పరాయిది కాదు. వీణ చేసేవారు తీగలను బజారులో కొన్నారని ఆ వీణ వారిది కాకుండా పోతుందా?

రెండో అభ్యంతరం, "కొన్ని పదుల రూపాయలకు దొరికే పియెజో బిళ్ళ ఉండగా ఇంత రామాయణం ఎందుకు?" అని. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే ఆ బిళ్ళ బోలు పెట్టె ఉన్న వాద్యానికి బాగా పనికొస్తుంది. గట్టి పలక మీద అది తీగకంటే ఎక్కువగా ఇతర చప్పుళ్ళను వింటుంది. కడ్డీ తీగ మీద రాసుకునే గరగర, చేతి తాటింపు, అన్నీ పైకి వస్తాయి. పైగా దానికి పది లక్షల ఓములకు తగ్గని ఇన్‌పుట్ ఉన్న సర్క్యూట్ జతచేయకపోతే మంద్రస్వరాలు పల్చబడతాయి. డబ్బు లేని విద్యార్థి దానితోనే మొదలుపెడితే నేను మెచ్చుకుంటాను. జారు నేర్చుకోవడానికి మాత్రం త్వరలోనే అయస్కాంతపు పికప్‌కు మారమంటాను.

మొత్తానికి నా పక్షం ఇది. తక్కువ చుట్లు, మృదువైన అయస్కాంతం, చదునైన ముఖం, బ్రిడ్జికి దగ్గరి స్థానం, ఎత్తు సవరించుకునే వీలు. ఈ ఐదూ ఉన్న పికప్ పేరు ఏదైనా సరే, లేదా పేరే లేకపోయినా సరే. మిగిలిన డబ్బూ శ్రద్ధా గట్టి బ్రిడ్జి మీద, తీగలను సరైన ఎత్తులో నిలిపే నట్ మీద, మంచి బరువున్న కడ్డీ మీద ఖర్చు పెట్టాలి.

పేర్ల జాబితా చూసే ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. అరువు తెచ్చినదైనా సరే, ఒక పికప్‌ను పలకకు బిగించి, షడ్జమం మీద ఒక్క మీటు మీటి, కడ్డీని నెమ్మదిగా పంచమం దాకా జరపండి. పంచమం చేరాక కూడా స్వరం స్పష్టంగా వినబడుతూ, కడ్డీని కొద్దిగా ఊపితే ఆ కంపితం తెలుస్తూ ఉంటే ఇక వెతకనక్కరలేదు. వినబడకపోతే, కొత్తది కొనడానికి ముందు పికప్‌ను రెండు మిల్లీమీటర్లు కిందికి దించి మళ్ళీ మీటండి. దీనితో ఏకీభవించని వాద్యకారులూ, ఎలక్ట్రానిక్స్ మిత్రులూ మనలో తప్పక ఉంటారు. వారి వాదన కూడా వినాలని ఉంది, మీ చెవులు ఏం చెబుతున్నాయో రాయండి.